బరువు తగ్గింది సరే, గుండెల్లో మంట ఎందుకు పెరిగింది?

బరువు తగ్గించే ఆపరేషన్ అనగానే మన ఇళ్లల్లో అడిగే ప్రశ్నలు మూడే. ఎన్ని కిలోలు తగ్గుతారు? ప్యాకేజీ ఎంత? ఎన్ని రోజుల్లో ఇంటికి పంపిస్తారు? అన్నవాహిక సంగతి అడిగేవాళ్లు దాదాపు ఉండరు. కానీ ఏ ఆపరేషన్ చేయించుకోవాలో తేల్చడంలో దానిది పెద్ద పాత్ర.

అన్నవాహిక చివర, కడుపు మొదలయ్యే చోట గుండ్రటి కండరం ఒకటి ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, తర్వాత మూసుకుంటుంది. లావుగా ఉన్నవాళ్లలో పొట్ట ఒత్తిడికి అది లొంగిపోయి ఆసిడ్ పైకి తంతుంది. బరువు తగ్గితే ఈ బాధ కూడా పోవాలి కదా? పోతుంది, కానీ అన్ని ఆపరేషన్లలో కాదు.

ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. పాత కడుపు సంచిలా సాగేది, ఈ గొట్టం సాగదు. కింద పేగులోకి వెళ్లే దారి బిగుతుగానే ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి పైకి తోస్తుంది. పైగా కోత అన్నవాహిక దగ్గరదాకా వెళ్తే ఆ మూత కండరానికి ఆసరాగా ఉండే పోగులు కూడా దెబ్బతినొచ్చు. అందుకే ముందు మంట లేనివాళ్లకు కూడా కొత్తగా మొదలవుతుంది.

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కథ వేరు. పైన చిన్న సంచి మాత్రమే ఉంచి నేరుగా పేగుకు కలుపుతారు. ఆ సంచిలో ఆసిడ్ తక్కువ, పైత్యరసం చాలా కిందనే కలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఈ రెండు ఆపరేషన్లను పోల్చి చూసిన పరిశోధన ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. రిఫ్లక్స్ పూర్తిగా తగ్గినవాళ్లు బైపాస్‌లో 60 శాతం, స్లీవ్‌లో 25 శాతం. ఎక్కువైనవాళ్లు స్లీవ్‌లో దాదాపు 32 శాతం, బైపాస్‌లో 6 శాతం. ఫిన్లాండ్‌లో 240 మందితో మొదలైన పరిశోధనలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో పుండ్లు, వాపు స్లీవ్ వాళ్లలో 31 శాతం, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి కనిపించాయి.

అలాగని అందరూ బైపాస్‌కే వెళ్లాలని కాదు. దాని తర్వాత ఐరన్, బీ12, కాల్షియం మాత్రలు జీవితాంతం తప్పవు. సిగరెట్ మానలేనివాళ్లకు అతుకు దగ్గర అల్సర్ భయం ఎక్కువ. కానీ ముందే పులితేన్పులు, హయాటస్ హెర్నియా ఉన్న మనిషికి ఎండోస్కోపీ కూడా చేయకుండా స్లీవ్ రాసేస్తే, ఆ డాక్టర్‌ను "ఎందుకండీ?" అని అడగడంలో తప్పేం లేదు. కోసి తీసేసిన కడుపును తిరిగి పెట్టలేరు.

మంట లేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోవడానికి కూడా లేదు. బాధ తెలియకుండానే లోపల పూత మారిపోయి బ్యారెట్స్ అనే స్థితి రావచ్చు. కొద్దిమందిలో అది క్యాన్సర్ వైపు వెళ్తుంది. అందుకే ఈ సర్జన్ల అంతర్జాతీయ సంఘం ఏడాదికి ఒకసారి ఎండోస్కోపీ చేసి, స్లీవ్ వాళ్లకు ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చూడమంటోంది. మన దగ్గర బరువు తగ్గగానే ఫాలోఅప్ మానేస్తారు.

ఇక రంజాన్. సహరీ తిని ఫజర్ చదివి వెంటనే పడుకోవడం, ఇఫ్తార్‌లో గటగటా షర్బత్, ఆపైన మిర్చీ బజ్జీ, హలీం... మామూలు కడుపుకే కష్టం, గొట్టంలాంటి కడుపుకు చెప్పేదేముంది? ఆపరేషన్ కొత్తలో నీళ్లు రోజంతా గుక్క గుక్కగా తాగాలి కాబట్టి రోజా ఎప్పటినుంచి ఉండొచ్చో సర్జన్‌నే అడగాలి. అనారోగ్యంతో ఉన్నవారు తర్వాత రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని సూరె బఖరా 185వ ఆయతులోనే ఉంది. "మరీ ఇంత చిన్నదానికి రోజా వదులుతావా" అనే పెద్దలకు ఆ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి.

డబ్బు సంగతి కూడా చూడాలి. స్లీవ్ తర్వాత మంట మందులకు లొంగకపోతే బైపాస్‌గా మార్చుతారు, అంటే రెండో ఆపరేషన్. బీమా పాలసీల్లో ఊబకాయం సర్జరీకి బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని షుగర్ లాంటివి ఉండాలి. ఆ జాబితాలో రిఫ్లక్స్ లేదు. రెండోసారి కోతకు డబ్బు వస్తుందా రాదా అన్నది మొదటి ఆపరేషన్‌కు సంతకం పెట్టకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.