‘ముందు వెళ్లి రండి, తర్వాత ఇస్తాం’: విదేశీ సైన్స్ సదస్సుల దారిలో మన పిల్లలకు అడ్డం పడుతున్న నిబంధన

నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఒక పక్క ఉస్మానియా ఆస్పత్రి, ఇంకో పక్క హైకోర్టు, సిటీ కాలేజీ కనిపిస్తాయి. 1908 వరదకు ముందు ఈ అఫ్జల్‌గంజ్ ఒడ్డునే పాత ఆస్పత్రి ఉండేది. దాని బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్, క్లోరోఫామ్ సురక్షితమా కాదా అన్న ప్రశ్న మీద 1888లో హైదరాబాద్‌లో ఒక కమిషన్ నడిపించాడు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం, మీ శాస్త్రవేత్తను పంపి మీరే పరీక్షించుకోండి అంటూ ఆ పత్రికకు వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే శాస్త్రవేత్త ఆ డబ్బుతోనే హైదరాబాద్ వచ్చాడు. డబ్బు ముందు, ప్రయాణం తర్వాత.

సైన్స్ కోసం ప్రయాణించే మనిషికి ఖర్చు ముందే ఇవ్వాలన్న సంగతి ఈ ఊరి పాలకులకు 135 ఏళ్ల కిందటే తెలుసు. ఇవాళ ఇదే ఒడ్డున చదువుకుని పీహెచ్‌డీ దాకా వచ్చిన దళిత విద్యార్థికి మాత్రం వినిపించే మాట వేరు: ముందు వెళ్లి రండి, బిల్లులు పెట్టండి, తర్వాత ఇస్తాం.

వడ్డీకి గడి లేని ఫారం

లెక్క కోసం ఒక అమ్మాయిని ఊహించుకుందాం. తల్లి ఆస్పత్రిలో కాంట్రాక్టు సఫాయి కార్మికురాలు. అమ్మాయి కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. యూరప్‌లో జరిగే ఒక సదస్సుకు ఆమె పంపిన పేపర్ ఎంపికైంది. విమానం టికెట్ 80 వేలు, రిజిస్ట్రేషన్ 40 వేలు, వీసా, ఇన్సూరెన్స్ కలిపి 12 వేలు, నాలుగు రాత్రుల బస 40 వేలు అనుకుందాం. మొత్తం 1 లక్షా 72 వేలు.

దీనికి కేంద్రంలో ఒక పథకం ఉంది. ఇంతకుముందు సెర్బ్ నడిపిన ఇంటర్నేషనల్ ట్రావెల్ సపోర్ట్‌ను ఇప్పుడు 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చూస్తోంది. సదస్సులో పేపర్ చదివేవాళ్లకు ఎకానమీ టికెట్, రిజిస్ట్రేషన్, వీసా ఫీజు ప్రధానంగా ఇస్తారు. మంచి పథకమే. కానీ డబ్బు చేతికి వచ్చేది తిరిగొచ్చి లెక్కలు సమర్పించాక.

మరి ఆ 1 లక్షా 72 వేలు ముందు ఎక్కడ నుంచి తేవాలి? పొలమో ఇల్లో ఉన్న కుటుంబం అయితే నాన్న క్రెడిట్ కార్డు గీకుతాడు, మేనమామ సర్దుతాడు. రీయింబర్స్‌మెంట్ వాళ్లకు ఆలస్యంగా వచ్చే డబ్బు, అంతే. బస్తీలో ఉండే తల్లి అయితే నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. నెలకు 5,160 రూపాయలు. బిల్లు ఆరు నెలలకు పాస్ అయితే వడ్డీయే 30,960. ఈ వడ్డీ రాసుకోవడానికి ఏ క్లెయిం ఫారంలోనూ గడి లేదు.

నిబంధనలో కులం పేరు ఎక్కడా ఉండదు. కానీ ఎవరు ఆగిపోతారో, ఎవరు వెళ్తారో అది తేల్చేస్తుంది. టాలెంట్ ఉంటే చాలు అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ప్రభుత్వానికి అడ్వాన్సు ఇవ్వడం చేతకాక కాదు. కేంద్ర ఉద్యోగి కుటుంబంతో ఎల్‌టీసీ మీద విహారానికి వెళ్తుంటే ఛార్జీలో 90 శాతం దాకా ముందే అడ్వాన్సుగా తీసుకోవచ్చు. సెలవు ప్రయాణానికి ఉన్న నమ్మకం పరిశోధన పేపర్ చదవడానికి వెళ్లే విద్యార్థి మీద ఎందుకు లేదు?

ఆలస్యం ఖరీదు మనకు తెలుసు

1913లో అంబేద్కర్ న్యూయార్క్ వెళ్లగలిగింది బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున స్కాలర్‌షిప్ ఇచ్చినందువల్ల. ఆ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. 1920లో మళ్లీ వెళ్లడానికి ఆయన సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో దాచుకున్నది, కొల్హాపూర్ మహారాజు సాయం, స్నేహితుడు నవల్ భథేనా ఇచ్చిన అప్పు కలిపితే గానీ కుదరలేదు. అంతటి మనిషికీ చదువు ఆగింది డబ్బు సమయానికి లేకనే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు రావలసి ఉందని చివరి లేఖలో రాశాడు. సైన్స్ రచయిత కావాలనుకున్న విద్యార్థి అతను. అందుకే ‘తర్వాత ఇస్తాం’ అన్న మాటను మనం మామూలు ఆఫీసు మాటగా వినలేం.

ఇది గతం అనుకోవద్దు. ఎస్సీ, సంచార, భూమిలేని కూలీ కుటుంబాల విద్యార్థులకు ఉద్దేశించిన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025–26లో 106 మందిని ఎంపిక చేశారు. జులైలో 40 మందికే తాత్కాలిక అవార్డు లేఖలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. అయితే ఈ రెండూ విదేశంలో డిగ్రీ చేసేవాళ్లకు. ఇక్కడే పరిశోధన చేస్తూ వారం రోజులు సదస్సుకు వెళ్లి రావలసిన విద్యార్థి రెండింటికీ మధ్య జారిపోతున్నాడు. ఆ వారం రోజుల్లోనే గైడ్‌లు, పోస్ట్‌డాక్ అవకాశాలు, కలిసి రాసే పేపర్లు దొరుకుతాయి. దాన్ని కోల్పోవడమంటే ఒక ప్రయాణం మానుకోవడం ఒక్కటే కాదు.

నిబంధన మారేలోపు ఏం చేయాలి

పోరాటం ఒక పక్క ఉంటుంది. వచ్చే ఏడాది సదస్సుకు వెళ్లాలనుకునేవాళ్లు ఈలోపు చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

పాస్‌పోర్టు ముందు. పేపర్ పంపే రోజుకే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. అమీర్‌పేట పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది, కాబట్టి నయాపూల్ పిల్లలకు అది నడిచి వెళ్లేంత దూరం. మన ఇళ్లలో బడిలో సారు రాసిన పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండటం మామూలే. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో వెనక ఉంటుంది. టెన్త్ మెమో ప్రకారం ఆధార్‌ను ముందే సరిచేయించుకోండి. టెన్త్ పాసైనట్టు సర్టిఫికెట్ పెడితే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది.

నిర్వాహకులను అడగండి. చాలా సదస్సుల్లో మన లాంటి దేశాల విద్యార్థులకు ఫీజు తగ్గింపు, ట్రావెల్ అవార్డులు ఉంటాయి. అడగనివాళ్లకు ఇవ్వరు. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లు ఇటలీలోని ట్రియెస్టే నగరంలో ఉన్న ఐసీటీపీ కార్యక్రమాలు చూడాలి. అబ్దుస్ సలాం 1964లో ఆ సంస్థను స్థాపించింది పేద దేశాల శాస్త్రవేత్తల కోసమే. టికెట్, బస నేరుగా మీరే కట్టగలరా అని నిర్వాహకులకు మెయిల్ రాయండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వీసా. యూరప్ షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజులకు తగ్గకూడదు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమెరికా బీ1 వీసా ఫీజు 185 డాలర్లు. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు.

వీసా ఆఫీసరు చూసేది బ్యాంకు ఖాతా, తిరిగి వస్తారన్న ఆధారం. ఆస్తి కాగితాలు లేనివాళ్లకు ఫెలోషిప్ ఉత్తర్వు, యూనివర్సిటీ బోనఫైడ్, గైడ్ లేఖ, ఖర్చు భరిస్తామన్న గ్రాంటు లేఖ, ఇవే ఆస్తి. చివరి వారంలో అప్పు తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయకండి, అది అనుమానం పెంచుతుంది. ఏజెంటు ఇచ్చే దొంగ కాగితాల జోలికి అసలు పోవద్దు.

టికెట్. గ్రాంటు నిబంధనల్లో చెప్పిన ఏజెంటు దగ్గర, చెప్పిన తరగతిలోనే కొనండి. బోర్డింగ్ పాసులు, ఫీజు రసీదులు, హాజరు సర్టిఫికెట్ జాగ్రత్త. ఒక్క పాసు పోయినా బిల్లు వెనక్కి వస్తుంది.

చిన్న సంగతులు. చాలా హోటళ్లు క్రెడిట్ కార్డు అడిగి డిపాజిట్ బ్లాక్ చేస్తాయి. కార్డు లేకపోతే బుక్ చేసే ముందే రాసి అడగండి, లేదా నిర్వాహకులు చూపే హాస్టల్ తీసుకోండి. కొన్ని ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. అది నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు.

మనం అడగాల్సింది

ఒకటి, ట్రావెల్ గ్రాంటు మంజూరైన ఎస్సీ, ఎస్టీ స్కాలర్లకు 90 శాతం ముందే యూనివర్సిటీ ద్వారా ఇవ్వాలి. రెండు, తెలంగాణ 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ప్రతి రాష్ట్ర యూనివర్సిటీలో ఒక రివాల్వింగ్ ఫండ్ పెట్టాలి. కేంద్రం బిల్లు పాస్ చేశాక ఆ డబ్బు తిరిగి ఫండ్‌లోకి వస్తుంది కాబట్టి ప్రభుత్వానికి భారం తక్కువ. మూడు, బిల్లు పెట్టిన 30 రోజుల్లో మిగతాది చెల్లించాలి.

ఇవన్నీ అడగడానికి ముందు మన దగ్గర లెక్క ఉండాలి. గత ఐదేళ్లలో మీ యూనివర్సిటీ నుంచి విదేశీ సదస్సులకు ఎంతమంది వెళ్లారు, అందులో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది, బిల్లులు ఎన్ని రోజులకు పాసయ్యాయి? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. విద్యార్థి సంఘాలు ఈ సెమిస్టర్‌లోనే ఆ దరఖాస్తు పెట్టాలి.

లండన్ నుంచి ఒక శాస్త్రవేత్తను రప్పించడానికి ఈ మూసీ ఒడ్డు వెయ్యి పౌండ్లు ముందే ఇచ్చింది. ఇదే ఒడ్డు నుంచి వెళ్లే బిడ్డకు విమానం టికెట్ డబ్బు ముందే ఇవ్వమని అడుగుతున్నాం.