పిల్లల ఆటలపై పెద్దల పెత్తనము

మన సంఘ పత్రికలో భాషను గూర్చియు, బడులను గూర్చియు ఎన్నియో వ్యాసములు వెలువడినవి. ఆటలను గూర్చి మాత్రము చెప్పిన వారరుదు. ఆటలనగా పనిలేని వారి వ్యవహారమను భావము మన పెద్దలలో పాతుకొని యున్నది. నేను దుకాణము నడుపుకొను వర్తకుడను, ఎస్.ఎస్.ఎల్.సి. దాటి చదివినవాడను కాను. అయినను చిట్టాలో తప్పు దొరలినచో పట్టుకొనగలను. ఇచ్చట తప్పు దొరలినది.

గడచిన సంవత్సరము మా బజారులో మూటలు మోయు ఒక హమాలీ కుమార్తె, తొమ్మిదవ తరగతి విద్యార్థిని, తాలూకా పరుగు పందెములో ప్రథమ స్థానము పొందినది. జిల్లా పోటీలకు పోవలసిన పిల్ల. పోటీల తేదీని తెలుపు ఉత్తరువు కేవలము రెండు దినములు ముందుగా పంపబడినది. అది బడికి చేరి, అందుకొనుటకు వ్యాయామోపాధ్యాయుడు లేనందున, గుమాస్తా బల్లపై ఒక దినమంతయు పడియున్నది. పిల్లకు తెలియునప్పటికి పందెము ముగిసినది. తండ్రి నా దుకాణమునకు వచ్చి, "సావుకారూ, మా పాప ఓడిపోలేదు గదా. మరి ఎందుకు పోనియ్యలేదు?" అని యడిగినాడు. నా వద్ద సమాధానము లేకపోయినది. ఏ కార్యాలయమో, ఏ బడియో పేరు చెప్పను. దోషము ఒక్కరిది కాదు.

కర్ణాటకములో ఉన్నత పాఠశాలల క్రీడలను నడుపునది పాఠశాలా విద్యాశాఖ. హోబళి, తాలూకా, జిల్లా, విభాగము, రాష్ట్రము అను మెట్లు గలవు. మన బళ్ళారి పిల్లలు కలబురగి విభాగములో పోటీపడవలెను. రాష్ట్రము దాటినవారు 1954లో స్థాపితమైన అఖిల భారత పాఠశాలా క్రీడా సమాఖ్య పోటీలకు పోవుదురు. అచ్చట 14, 17, 19 ఏండ్లలోపు వారను తరగతులు గలవు. రాజ్యాంగములో క్రీడలు రాష్ట్రముల జాబితాలోని 33వ అంశము. కావున ఈ పెత్తనమునకు జవాబు చెప్పవలసినది మన రాష్ట్ర ప్రభుత్వమే.

ఒక మెట్టు తప్పిన పిల్లకు పై మెట్లన్నియు మూతపడును. ఇది పతకము మాట మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులకు గల కోటాను గూర్చి 1980లో వెలువడిన ఉత్తరువులో, జాతీయ పాఠశాలా క్రీడలలో రాష్ట్ర జట్టు పక్షమున ఆడినవారును అర్హులని చెప్పబడినది. అయితే ఆ ధ్రువపత్రముపై రాష్ట్ర విద్యాశాఖలో పాఠశాలా క్రీడలను చూచు అధికారి సంతకముండవలెను. హమాలీ కూతురునకు ఆ సంతకము విలువ యెంతయో లక్షాధికారి బిడ్డకు తెలియదు.

ఈ సంగతి చెప్పగా మన సంఘ పెద్దలు కొందరు, "వారి పోటీలు మనకెందుకు? ఉగాదికి తెలుగు బడులన్నిటికి మనమే పందెములు పెట్టి కప్పులిత్తము" అనిరి. వారి అభిమానమునకు నమస్కారము. ఉగాది పందెములు పెట్టుడు; నేనును చందా యిత్తును. కాని ఆ కప్పు ఇంటి అలమారులో మెరయునే గాని, పై మెట్టునకు తలుపు తెరవదు. మన పిల్లలను మనమే వేరు పంక్తిలో కూర్చుండబెట్టుట అభిమానము కాదు, అవివేకము.

అమెరికాలోని టెక్సాసు చరిత్రను చూడుడు. అచ్చట ఉన్నత పాఠశాలల పోటీలను నడుపు లీగు 1910 నుండి టెక్సాసు విశ్వవిద్యాలయమున వెలసియున్నది. నల్లజాతి పిల్లల బడులకు అందులో చోటులేనందున, 1920లో వారికి వేరొక లీగు ఏర్పడినది. అందులోను గొప్ప ఆటగాండ్రు పుట్టిరి. అయినను 1967లో ఉమ్మడి లీగు తలుపులు తెరచిన పిదప, 1970 నాటికి ఆ వేరు లీగు ముగిసినది. వారిపై బలవంతముగా రుద్దబడిన వేర్పాటును మనము కోరి తెచ్చుకొందుమా?

అదే లీగునుండి నేర్వదగినది మరొకటి కలదు. సభ్య పాఠశాలలు ఎన్నుకొనిన విద్యాధికారుల మండలి అచ్చట నియమములను చేయును. మన వద్దనో, ఉత్తరువు పైనుండి దిగును. బడి తల వంచును. పిల్లను పంపు తండ్రికి గాని, ఆడించు ఉపాధ్యాయునికి గాని నోరు లేదు. పెత్తనము గలవారు జాగ్రత్త వహింపనిచో ఏమగునో 2017 డిసెంబరులో దేశమంతయు చూచినది. పసిఫిక్ పాఠశాలా క్రీడలకై ఆస్ట్రేలియాలోని అడిలైడుకు వెళ్ళిన మన బాలికల ఫుట్‌బాల్ జట్టులో ఒక బిడ్డ సముద్రములో మునిగి మరణించినది. బిడ్డలను పంపువారిని ప్రశ్నించు హక్కు తల్లిదండ్రులకు లేకుండుట ఏ న్యాయము?

ఒక మాట స్పష్టపరచవలెను. ఉత్తరువులు కన్నడములో వచ్చుచున్నవని నేను నేరమెంచుట లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో చేరినది. సరిహద్దు జరిగినది గాని మనము జరుగలేదు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలకు చక్కగా వచ్చిన భాష. ఆలస్యమునకు భాష లేదు. రెండు దినముల ముందు వచ్చిన ఉత్తరువు తెలుగులో నున్నను పిల్ల పోజాలదు.

ఇక మన యింటి చిట్టా తీయుదము. రాజ్యాంగము 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు బడులు నెలకొల్పి నడుపుకొను హక్కునిచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఎనిమిదవ తరగతి వరకు గల బడులకు ఆటస్థలమును, ఆరు మొదలు ఎనిమిది తరగతులలో నూరుమందికి మించి పిల్లలున్నచోట వ్యాయామ శిక్షకుని విధించినది. అల్పసంఖ్యాకుల బడులకు ఆ చట్టము వర్తింపదని 2014లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. హక్కును కాపాడుటకు వచ్చిన ఆ తీర్పును మనము ఖర్చు తప్పించుకొనుటకు వాడుకొనుట తగునా? ఆటస్థలములో అద్దె గదులు లేపిన కమిటీలు మనలో లేవా? వార్షికోత్సవమునకు పందిళ్ళు, శాలువలు, పూలదండలు. వ్యాయామోపాధ్యాయునికి జీతమనగానే నిధులు లేవు! గుమాస్తా బల్లపై ఉత్తరువు మ్రగ్గుటకు కారణము మన పిసినిగొట్టుతనమే. ఆడపిల్ల ఊరు దాటి ఆడబోవుట ఏమిటని గొణుగు పెద్దలకు నేను చెప్పునది యొకటే: వెంట ఒక ఉపాధ్యాయురాలిని పంపు బాధ్యత వహింపుడు, పిల్ల కాళ్ళకు సంకెల వేయకుడు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున నేను ఈ క్రింది కోరికలను తీర్మానముగా ప్రతిపాదింపదలచితిని. పోటీల తేదీలు కనీసము పదిహేను దినములు ముందుగా ప్రతి బడికి చేరవలెను. ఎంపికైనవారి పట్టికను కారణములతో బహిరంగముగా అంటింపవలెను. తాలూకా, జిల్లా క్రీడా సమితులలో ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు స్థానముండవలెను. ఆలస్యము జరిగినచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద సంఘము పక్షమున ఒక సభ్యుడు పౌరునిగా తన పేర అర్జీ పెట్టవలెను. మన వంతుగా, సంఘ బడులన్నిటికి కలిపి ఒక వ్యాయామోపాధ్యాయుని ఈ సంవత్సరమే నియమింపవలెను. అందుకై మొదటి మూడు నెలల జీతము నేను చెల్లింతును. తరువాతి నెలలకు ముందుకు వచ్చు వర్తక సోదరులు కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయింపగోరెదను.

ఆ పిల్లకు ఇంకను ఒక సంవత్సరము మిగిలియున్నది. ఈసారి ఆమె తండ్రి నా దుకాణమునకు వచ్చునప్పటికి చేతిలో సమాధానముండవలెను.

— ఒక సంఘ సభ్యుడు, బళ్ళారి