వెనుక కూర్చున్నవారి బరువు

తండ్రి స్కూటరు నడుపుతుంటాడు. ఆయన ముందు పెద్దపిల్లవాడు హ్యాండిలు పట్టుకొని నిలబడి ఉంటాడు. వెనుక సీటుమీద తల్లి ఒక ప్రక్కకు తిరిగి కూర్చొని, ఒడిలో చంటిపిల్లను పొదివి పట్టుకొని ఉంటుంది. విజయవాడ బందరు రోడ్డు మీద గాని, హైదరాబాదు ఆబిడ్స్‌లో గాని ఈ దృశ్యాన్ని చూడని తెలుగువారు ఉండరు. బండి ఒకటే అయినా సర్దుకొని కూర్చుంటే ఎందరైనా పట్టవచ్చునన్న నమ్మకం ఆ విధంగా చిన్ననాటనే నాటుకొనిపోతుంది. సముద్రాలు దాటి వచ్చిన తరువాత కూడా అది అంత తేలికగా వదలదు.

అమెరికాలో ఊరి వెలుపల రెండు మూడెకరాల స్థలంతో ఇల్లు కొనుక్కొన్నవారికి, వేసవి సెలవులలో ఇసుక తిన్నెలకో కొండదారులకో వెళ్ళేవారికి మరొక బండి కంటికింపుగా కనిపిస్తుంది. నాలుగు లావుపాటి టైర్లు, మోటారు సైకిలువంటి హ్యాండిలు, గుర్రంమీదవలె కాళ్ళు చెరొక ప్రక్కన వేసి కూర్చొనే సీటు. దీనిని ఆల్ టెరైన్ వెహికిల్ అనీ, క్లుప్తంగా ఏ.టి.వి. అనీ అంటారు. ఆస్ట్రేలియాలో, న్యూజీలాండులో క్వాడ్ బైక్ అనే పేరే ఎక్కువగా చెల్లుతుంది. తెలుగులో ‘మిట్టపల్లాల బండి’ అన్నా తప్పు లేదు గాని, పిల్లలు నవ్వకుండా ఉండాలంటే ఏ.టి.వి. అన్న మాటే మేలు.

ఈ బండిమీద ఇద్దరు ఎక్కవచ్చునా? సీటు పొడవు చూస్తే తప్పక ఎక్కవచ్చుననే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. ఆ పొడవు రెండవ మనిషికోసం ఉంచినది కాదు. నడిపే వ్యక్తి ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనుకకు, మలుపులో ప్రక్కకు జరగడానికి వదిలిన చోటు అది. స్కూటరు మలుపు తిరిగేటప్పుడు తానే లోపలివైపుకు వాలుతుంది. దానితోపాటు వెనుకనున్నవారూ వాలుతారు. నాలుగు చక్రాల బండి అలా వాలదు. వాలవలసినది మనిషి. నడిపేవారి శరీరమే ఆ యంత్రంలో కదిలే ఒక భాగం అనవచ్చును. వెనుకనుండి నడుమును గట్టిగా పట్టుకొని మరొకరు కూర్చున్నప్పుడు ఆ భాగానికి కదలిక పోతుంది.

కదలిక పోవడం ఒక ఎత్తు, బరువు పైకి పోవడం మరొక ఎత్తు. ఒక వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద కూడినట్లు భావించవచ్చునో దానిని గరిమనాభి అంటారు. అది చక్రాల మధ్యనున్న వెడల్పు దాటి బయటికి వాలిననాడు బండి తిరగబడుతుంది. ఒక నమూనా లెక్క వేసి చూడవచ్చును. బండి బరువు 330 కిలోలు, దాని గరిమనాభి ఎత్తు 45 సెంటీమీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 96 సెంటీమీటర్లు అనుకొంటే, ఖాళీబండి సుమారు 47 డిగ్రీల ప్రక్కవాలు వరకు నిలుస్తుంది. 75 కిలోల మనిషి ఎక్కితే ఉమ్మడి గరిమనాభి 56 సెంటీమీటర్లకు లేస్తుంది. కోణం 41కి దిగుతుంది. వెనుక 60 కిలోల మనిషి కూడా ఎక్కితే గరిమనాభి 64 సెంటీమీటర్లు, కోణం 37.

పది డిగ్రీల నష్టమేగదా అని తేలికగా తీసుకొనరాదు. ఈ అంకెలు బండిని బిగుసుకొన్న ఘనవస్తువుగా భావించి వేసినవి. నిజానికి క్రిందివైపు స్ప్రింగులూ మెత్తని టైర్లూ కుంగుతాయి. పైవైపు చక్రం క్రిందికి పిడికెడు రాయి వచ్చినా చాలు. అందువల్ల అసలు హద్దు ఈ లెక్కలో తేలినదానికంటె చాలా ముందుగానే ఎదురవుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు జరిగేది ఇంకా భయంకరం. ఒక్కరికోసం చేసిన బండిలో ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం సుమారు 128 సెంటీమీటర్లు. రెండవ మనిషి కూర్చొనేది వెనుక ఇరుసుకు సరిగ్గా పైననో, ఇంకా వెనుకనో. పై నమూనాలో నడిపేవారు ఒక్కరే ఉన్నప్పుడు బండి 47 డిగ్రీల వరకు వెనుకకు తిరగబడదు. ఇద్దరున్నప్పుడు ఆ కోణం 39కి పడిపోతుంది. ఆ స్థితిలో ఉలికిపడి యాక్సిలరేటరును నొక్కితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. మొదట నేలను తాకేది వెనుక కూర్చున్న వ్యక్తి వీపు. ఆ పైన పడేది మూడువందల కిలోల యంత్రం. ఎముకలు విరగకపోయినా, ఛాతీమీద అంత బరువు ఉంటే ఊపిరి ఆడదు. ఏ.టి.వి. మరణాలలో కొన్ని ఈ విధంగా ఊపిరాడక సంభవించినవే.

ఈ బండ్ల చరిత్ర ఏబదియేళ్ళు దాటినది. 1970లో హోండా సంస్థ అమెరికాలో మూడు చక్రాల బండిని విక్రయించనారంభించింది. 1980 దశకం ఆరంభంలో సుజుకి నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మూడు చక్రాల బండ్లవల్ల ఆసుపత్రుల పాలైనవారి సంఖ్య పెరిగిపోగా, 1988లో తయారీదారులు ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం వాటి అమ్మకం మానుకొన్నారు. 2008నాటి చట్టం అప్పటివరకు స్వచ్ఛందంగా ఉన్న ప్రమాణాలను తప్పనిసరి చేసింది. ఆ ప్రమాణాలలో ఏ.టి.వి.లు రెండు రకాలు. మొదటి రకం నడిపేవారికి మాత్రమే. రెండవ రకంలో నడిపేవారి వెనుక మరొక్కరికి ప్రత్యేకమైన సీటు, కాళ్ళు ఆనించే మెట్లు, చేతి పిడులు ఉంటాయి. ఇంత జరిగినా అమెరికాలో ఇటువంటి బండ్లవల్ల ఏటా లక్ష ప్రాంతంలో జనం అత్యవసర చికిత్సకు వెళుతున్నారని కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ నివేదికలు చెబుతున్నాయి.

రెండవ రకం బండి నిజంగా వేరైనదా, లేక సీటు మార్చి ధర పెంచిన అదే బండియా అని సందేహించేవారు ఉన్నారు. సందేహం న్యాయమైనదే. జవాబు సగం ఊరట, సగం హెచ్చరిక. ఇద్దరికోసం నిర్మించిన బండి ఇరవై సెంటీమీటర్లు పొడవుగా ఉంటుంది. ఇరుసుల మధ్య దూరం 145 నుండి 150 సెంటీమీటర్లు. రెండవ మనిషి వెనుక ఇరుసుకు ముందే కూర్చొంటారు. పై లెక్కను ఈ కొలతలతో తిరిగి వేస్తే వెనుకకు తిరగబడే కోణం 39నుండి మళ్ళీ 46కు చేరుతుంది. అనగా పోయినదంతా దాదాపుగా తిరిగి వచ్చినట్లే. కాని వెడల్పు మాత్రం పెరగలేదు. అడవిదారులు అనేకం 50 అంగుళాలకు మించిన బండ్లను రానివ్వవు గనుక తయారీదారులు వెడల్పు జోలికి పోరు. అందుచేత ప్రక్కకు ఒరిగే కోణం 37 వద్దనే నిలిచిపోతుంది. అమ్మకందారుల పత్రాలలో పొడవు గురించి ఘనంగా వ్రాస్తారు. ఈ రెండవ సంగతి మాత్రం కనబడదు.

కాబట్టి కొనేవారు మొదట చూడవలసినది రంగు కాదు, ఇంజను శక్తి అంతకన్నా కాదు. బండికి అంటించిన హెచ్చరిక చీటీ. ఇద్దరికోసం చేసినదో కాదో అందులో స్పష్టంగా ఉంటుంది. ఒక్కరి బండికి వెనుక బిగించే సీట్లు బజారులో రెండు మూడు వందల డాలర్లకే దొరుకుతాయి. ఇద్దరి బండి క్రొత్తది పదివేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ తేడా చూచి మెత్తని సీటు కొని తగిలించేవారు మెత్తదనాన్ని కొంటున్నారు గాని ఇరవై సెంటీమీటర్ల పొడవును కొనడం లేదు. పశ్చిమ వర్జీనియాలో 2000లో ప్రారంభమైన హ్యాట్‌ఫీల్డ్–మెకాయ్ కొండదారులలో ఇద్దరికోసం నిర్మించని బండిపై ఇద్దరెక్కడం నిషిద్ధం. హెల్మెట్టు అందరికీ తప్పనిసరి. అటువంటి చోట్ల అడిగేవారుంటారు. స్నేహితుల పొలంలో అడిగేవారుండరు.

స్నేహితుల పొలం అంటే వేసవి, బంధువులు, ఇండియానుండి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు. “ఒక్క చుట్టు తిప్పుకొని రా” అని పెద్దలే ప్రోత్సహిస్తారు. అలవాటు చొప్పున అమ్మమ్మ ఒక ప్రక్కకు తిరిగి కూర్చొంటుంది. చీరకొంగు వెనుక చక్రానికి జానెడు దూరంలో ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఫోటోలు తీస్తారు. ఈ ముచ్చటలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందుకే కాదనడం కష్టం. అయినా కాదనవలసిందే. ఇద్దరి బండిలో కూడా వెనుకనున్నవారు కాళ్ళు చెరొక ప్రక్కన వేసి, పాదాలు మెట్లమీద ఆనించి, పిడులు పట్టుకొనవలసినదే. పన్నెండేళ్ళలోపు పిల్లలను వెనుక కూర్చొనబెట్టరాదని తయారీదారుల నియమం. పదునారేళ్ళలోపువారు పెద్దల బండిని నడుపరాదు. పిల్లవాడు లెక్కలలో ఎంత గట్టివాడైనా వాడి బరువూ చేతి పట్టూ మారవు.

తారురోడ్డు సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. చదునైన రోడ్డు మిట్టపల్లాలకంటె క్షేమమని ఎవరికైనా తోస్తుంది. కాని అమెరికాలో ఏ.టి.వి. మరణాలలో సగానికి పైగా రోడ్లమీదనే జరిగినట్లు పరిశోధనలు చూపాయి. వేగమూ, ఎదురువచ్చే కార్లూ కొంత కారణం. మిగిలినది ఘర్షణ. వదులుమట్టిమీద మలుపును వేగంగా తీసుకొంటే టైర్లు జారుతాయి. బండి ప్రక్కకు జరుగుతుంది గాని పడిపోదు. పొడి తారురోడ్డుమీద రబ్బరుకు ఘర్షణ గుణకం 0.8 ప్రాంతంలో ఉంటుంది. పై నమూనాలో ఇద్దరున్న బండి తన బరువులో 0.75 వంతు ప్రక్కబలం తగిలేసరికే ఒరుగుతుంది. జారడానికి ముందే తిరగబడుతుందన్నమాట. పైగా ఈ టైర్లలో గాలి చదరపు అంగుళానికి అయిదు నుండి ఏడు పౌండ్లు మాత్రమే, కారు టైరులో ముప్పదికి పైగా. చాలా బండ్లలో వెనుక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేటట్లు ఇరుసుకు బిగించి ఉంటాయి. మట్టిలో వరమైనది రోడ్డుమీద మొండితనమవుతుంది.

రసాయన శాస్త్రానికి ఇందులో పని లేకపోలేదు. హెల్మెట్టు లోపలి తెల్లని నురుగు పాలీస్టైరీను. అందులో తొంబది పాళ్ళకు పైగా గాలియే. దెబ్బ తగిలినప్పుడు ఆ గాలిగదులు నలిగి శక్తిని మ్రింగుతాయి, మళ్ళీ పూర్వరూపానికి రావు. ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్టు చూడడానికి బాగున్నా దాని పని అయిపోయినట్లే. వరుసకు తమ్ముడైనవాడు ఇచ్చిన పాత హెల్మెట్టును కాదనడం మర్యాద కాదనిపించినా, కాదనవచ్చును. ఇక పెట్రోలు. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా పదిశాతం ఇథనాలు ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. నీరు సుమారు అరశాతం చేరేసరికి ఇథనాలూ నీరూ కలసి పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతాయి. ఆ పొర ఇంజనులోనికి పోతే ఇంజను ఆగుతుంది. శీతకాలమంతా గరాజులో పడియున్న బండి మొదటి ఎత్తు సగంలో ఆగిపోవడానికి ఇది ఒక కారణం. ఎత్తులో ఇద్దరితో ఆగిన బండి వెనుకకు దొర్లితే ఏమవుతుందో పై లెక్కలో ఉన్నది. వసంతంలో ట్యాంకు ఖాళీచేసి క్రొత్త పెట్రోలు పోయడం పది నిమిషాల పని.

ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చొని, స్టీరింగు చక్రంతో నడిపే సైడ్ బై సైడ్ బండ్లు మరొక మార్గం. వాటికి సీటు బెల్టులు, తలపై ఇనుప చట్రం ఉంటాయి. ధర ఎక్కువ, ఇరుకు దారులలో పట్టనివి అనేకం. అయినా పెద్దలను వెంటబెట్టుకొని పొలం చుట్టూ తిరగాలనేవారికి ఇదే మేలైన కొనుగోలు. ఒకే షరతు, బెల్టు పెట్టుకోవాలి. బండి ఒరిగినప్పుడు చేయి బయట పెట్టి ఆపబోవడం మానవ సహజం. ఆ చేయి చట్రం క్రింద నలుగుతుంది.

చట్టం ఎంతవరకు పోవాలన్నదానిపై రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. అమెరికాలో హెచ్చరిక చీటీ, శిక్షణ, కొనేవారి విజ్ఞత. ఆస్ట్రేలియా 2019లో ఒక ప్రమాణం ప్రకటించి, 2020 అక్టోబరునుండి ప్రతి క్రొత్త బండిమీద అది ఏ కోణంలో ఒరుగుతుందో కొలిచి చూపాలన్నది. 2021 అక్టోబరునుండి సాధారణ క్వాడ్ బైకులకు తిరగబడినప్పుడు మనిషిని కాపాడే చట్రం తప్పనిసరి అయినది. ఆ చట్రమే గాయపరచవచ్చునని వాదించిన పెద్ద తయారీదారులు కొందరు ఆ దేశంలో అమ్మకాలు మానుకొన్నారు. చట్రంపై వాదానికి అవకాశం ఉన్నది. కోణం చూపడంపై ఏ వాదమూ నిలవదు. కొనేవారికి ఆ ఒక్క అంకె తెలియనివ్వడానికి అమెరికా కమిషనుకు అభ్యంతరమేమో తెలుపవలసిన బాధ్యత కమిషనుదే.

అంతవరకు ఇద్దరి బండి కొన్నవారు చేయగల పని ఒకటి ఉన్నది. దారి కొండ వాలుకు అడ్డంగా పోతున్నచోట వెనుకనున్నవారు పైవైపుకు దిగాలి. నడిపేవారు ఒంటరిగా, శరీరాన్ని పైవైపుకు వంచి, ఆ వాలును దాటించాలి. వెనుకనున్నవారు నడిచి వచ్చి చదునునేల దగ్గర మళ్ళీ ఎక్కవచ్చును. అటువంటి చోట్లు ఒక రోజు తిరుగుడులో నాలుగో అయిదో వస్తాయి.