పి.ఎఫ్. నోటీసు వస్తే షెడ్డు చీల్చకండి

పి.ఎఫ్. ఆఫీసు నుంచి నోటీసు వస్తే మన పూర్వభాగ్ కార్ఖానాదార్లలో కొందరు ముందు ఏజెంటు దగ్గరికి పరిగెత్తుతారు. అక్కడ దొరికే సలహా ఒకటే: షెడ్డును నాలుగు పేర్ల మీద చీల్చు, ఒక్కో పేరు కింద 20 మంది కంటే తక్కువ చూపించు.

పి.ఎఫ్. చట్టంలోనే దీనికి జవాబుంది. ఎన్ని విభాగాలు, శాఖలు ఉన్నా సంస్థ ఒక్కటే. యజమాని, షెడ్డు, లెక్కలు ఒకటే అని తేలితే అందరినీ కలిపి లెక్కపెడతారు. పాత బాకీ మీద వడ్డీ, జరిమానా కూడా పడతాయి.

నోటీసు రాగానే శిక్ష పడినట్టు కాదు. విచారణలో మన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. తారీఖుకు వెళ్లండి. హాజరు పట్టీ, పగారు పట్టీ, చలాన్లు చూపించండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి. గడువు కావాలంటే రాసి అడగండి. పాత తేదీలు వేసి కొత్త రిజిస్టర్లు మాత్రం రాయించకండి.

రైల్వే బుకింగ్ ఆఫీసుకు అకౌంట్స్ ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చి గల్లా లెక్కపెడతాడు. ఏ రోజు లెక్క ఆ రోజు రాసిన గుమాస్తాకు భయం ఉండదు.

చాదర్, టవల్ ధంధాలో లాభం తక్కువన్న మాట నిజమే. దాని గురించి సంఘం తరఫున సర్కారును అడుగుదాం. కానీ మగ్గం దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది మార్కండేయ గుడిలో మన పక్కన నిలబడేవాళ్లే. 58 ఏళ్లు నిండాక వాళ్లకు ఆధారం ఆ పెన్షనే.