అసలేది... కొసరేది?

లినక్స్ ఉచితం. అందులో వేసుకునే వేలాది ప్రోగ్రాములూ దాదాపు ఉచితమే. మరి ఉబుంటులో వాటిని ‘మెయిన్’ అనీ ‘యూనివర్స్’ అనీ ఎందుకు విడదీశారు? మెయిన్‌లో ఉన్నవి మేలురకం, మిగతావి నాసిరకం అనుకుంటారు చాలామంది. కానే కాదు. తేడా నాణ్యతలో లేదు, పూచీలో ఉంది!

నాగార్జునసాగర్‌కు దగ్గర్లోని పెద్దవూర వైపు రైతులకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. పెద్ద కాలువ బాగోగులు ప్రభుత్వం చూస్తుంది. పొలాల మధ్య పిల్లకాలువలో పూడిక చేరితే మాత్రం రైతులే తలా ఓ చెయ్యి వేయాలి. రెండింట్లో పారేదీ ఒకే నీరు.

ఉబుంటులోనూ అంతే. కంప్యూటర్‌ను నడిపించే కెర్నెల్, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే లిబ్రే ఆఫీస్ మెయిన్‌లోవి. వాటిలో భద్రతాలోపం బయటపడితే సరిచేసే బాధ్యత కెనానికల్ సంస్థది. ఎల్‌టీఎస్ వెర్షన్లకైతే అయిదేళ్లపాటు ఆ పూచీ ఉంటుంది. సినిమాలు చూసే వీఎల్‌సీ, ఫొటోలు దిద్దే జింప్ యూనివర్స్‌లోవి. వీటి ఆలనాపాలనా ప్రధానంగా ఔత్సాహికులదే. వారికి తీరిక చిక్కినప్పుడే మరమ్మతు!

ఈ గోడ అంతటా ఒకేలా ఉండదు. 2003లో వచ్చిన ‘ఫెడోరా కోర్’లో అసలు సరుకు రెడ్‌హ్యాట్ ఉద్యోగుల చేతిలో ఉండేది. బయటివారు తయారుచేసినవి ‘ఎక్స్‌ట్రాస్’లోకి చేరేవి. 2007లో ఫెడోరా 7తో రెండింటినీ కలిపేశారు. పేరులోని ‘కోర్’ కూడా ఎగిరిపోయింది.

కొసరు అన్నారు కదాని తీసిపారేయడానికీ లేదు. తెలుగువారికి బాగా తెలిసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ లినక్స్‌లో ‘ఎక్స్‌ట్రా’ అని పేరున్న ప్యాకేజీలోనే దొరుకుతాయి. లోకానికది ఎక్స్‌ట్రా. తెలుగులో రాసుకునే ఇంటికి అదే అసలు!

ఇంతకీ ఇంట్లో ఉబుంటు ఉంటే ఏం చేయాలి? పిల్లలు సరదాగా వేసుకుని వదిలేసిన ప్రోగ్రాములు తీసేయండి. ముఖ్యంగా బ్యాంకు పనులు చేసే కంప్యూటర్లో. వాడేవాటికి అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. ‘ఉబుంటు ప్రో’లో పేరు నమోదు చేసుకుంటే యూనివర్స్ ప్రోగ్రాములకూ కెనానికల్ నుంచి భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సొంత వాడకానికైతే అయిదు కంప్యూటర్ల వరకూ అదీ ఉచితమే. కొత్త ప్రోగ్రాము వేసుకునేముందు అది ఏం చేస్తుందన్నదే కాదు, పాడైతే ఎవరు బాగుచేస్తారన్నదీ ఓసారి చూసుకోండి.