పొలాల్లో పైపు సరే, అందులో పోయే గ్యాసు మాటేమిటి?

రొయ్యల చెరువులు చేసే రైతులకు హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. అడుగున పేరుకున్న నల్లబురద కదిలితే వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. కొన్ని చమురు, గ్యాస్ బావుల్లో ఇదే విషవాయువు గ్యాసుతో కలిసి పైకి వస్తుంది. గాలికంటే బరువు కాబట్టి పల్లంలో, బోదెల్లో నిలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. వాసన పోయిందని ధైర్యపడితే ప్రాణానికే ముప్పు.

ఇనుముకూ అది శత్రువే. తేమ తగిలితే ఆమ్లంలా పైపును లోపలినుంచి తినేస్తుంది. బొగ్గుపులుసు వాయువూ అంతే. అందుకే గ్యాసును పైపులోకి పంపేముందే నీరు తీసేయాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే తొలగించాలి. ఎక్కువగా ఉంటే అమైన్ ద్రావణంతో కడుగుతారు. తక్కువగా ఉంటే ట్రయజీన్ అనే రసాయనం ఎక్కిస్తారు, లేదా ఐరన్ ఆక్సైడ్ నింపిన ట్యాంకు గుండా పంపుతారు. ఇది తెలియని విద్య కాదు, ఖర్చుతో కూడిన పని.

శుద్ధి సరిగా లేకపోతే ఏమవుతుందో కోనసీమ చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. తాటిపాక నుంచి మన కొండపల్లికి గ్యాసు తెచ్చే లైను అది. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపడంతో తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అక్కడ ప్రధాన దోషి నీరు. అయినా పాఠం ఒకటే: శుద్ధిలో లోపానికి మూల్యం చెల్లించేది పైపు పక్కనున్న ఊరు.

1962 పైపులైన్ల చట్టం ప్రకారం భూమి మన పేరునే ఉంటుంది. కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంటనష్టం కాక, ఈ హక్కు పోయినందుకు ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతమే. పైగా ప్రమాదమూ మనదేనా?

అందుకే సంఘం అడుగుతోంది:

1. గ్యాసులో నీరు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత ఉన్నాయో పరీక్ష ఫలితాలను గ్రామసభ ముందు పెట్టాలి.

2. వాడేసిన రసాయనాన్ని పంట కాలువల్లోకి, డ్రెయిన్లలోకి వదలరాదు. ఎక్కడికి తరలిస్తున్నారో లెక్క చూపాలి.

3. బావుల దగ్గర సెన్సర్లు, సైరన్లు ఉండాలి. మోగితే ఎటు పోవాలో ఊరివాళ్లకు ముందే నేర్పాలి.

రైతు సోదరులారా! ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 21 రోజులే. కోతల హడావుడిలో అవి ఇట్టే గడిచిపోతాయి. తెలిసిన రోజే ఆ కాగితం తీసుకుని గవర్నర్‌పేట సంఘం ఆఫీసుకు రండి. అభ్యంతరం రాతపూర్వకంగానే ఇద్దాం, ఊరంతా కలిసి ఇద్దాం.