చదవను రాదు కాబట్టి చెత్తా?

నేను చదివింది తమిళ మీడియం. బళ్ళో అంబులిమామా, ఇంట్లో మా అవ్వ దగ్గర తెలుగు చందమామ. బొమ్మలు అవే, కథలు అవే. రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. రాయడం మాత్రం రిటైరైనాకే. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టకండి.

పోయిన నెల మన సభ్యులొకరి ఇంటికి పోయాను. ఇల్లంతా కొత్తది చేశారు. టైల్స్, మాడ్యులర్ కిచెన్, అటకకు (మనందరి నోట్లో అది పరణే) తెల్లటి తలుపులు. చూడ్డానికి చక్కగా ఉంది, నేను కాదనను. కాఫీ ఇస్తూ ఆయన గర్వంగా చెప్పారు: "ఒక సంవత్సరంగా ముట్టనిదంతా తీసేశాం సార్. మూడు టెంపో లోడ్లు." ఇంటీరియర్ చేసిన పిల్లవాడు చెప్పిన రూలంట.

లోడ్లలో ఏం పోయిందని అడిగాను. వాళ్ళ అవ్వ ఇత్తడి అండా, కంచు గిన్నెలు, ఒక ట్రంకు పెట్టె నిండా "ఏవో తెలుగు కాగితాలు". ఏం కాగితాలండీ అంటే, "ఎవరికి తెలుసు సార్, మా ఇంట్లో ఎవరికీ చదవను రాదు కదా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ అండా మీద అవ్వ పేరు చుక్కలు చుక్కలుగా తెలుగులో కొట్టి ఉండేది, నేనే చూశాను. ఆ ఇంట్లో మిగిలిన తెలుగు అక్షరాలు అవే. ఇత్తడి రేటుకు తూకమేసి ఇచ్చేశారు.

ఈ ఒక సంవత్సరం రూలు గురించి ఒక్క మాట అడుగుతాను. మీ ఇంటి పట్టా సంవత్సరంలో ఎన్నిసార్లు ముట్టారు? పిల్లల టీసీ? ఎల్ఐసీ బాండు? అవి పారేయలేదే? ఎందుకంటే అవి తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి, విలువ తెలుసు. అప్పుడు రూలు వాడకాన్ని చూసి కాదు, లిపిని చూసి నడుస్తోంది. చదవగలిగింది బీరువాలోకి, చదవలేనిది గోనెసంచిలోకి.

నేను రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా ఏళ్ళు గడిపినవాణ్ణి. అక్కడ కాలు విరిగిన స్టూలు కండెమ్ చేయాలన్నా కమిటీ చూడాలి, సంతకాలు పడాలి. ఏ రిజిస్టరు ఎన్నేళ్ళు ఉంచాలో లెక్క ఉంటుంది. దాన్ని చూసి నేనూ విసుక్కున్న రోజులున్నాయి. కానీ మూడు తలల కాగితాల్ని ఎవరూ విప్పికూడా చూడకుండా అరగంటలో టెంపో ఎక్కిస్తుంటే ఆ విసుగే బాగుందనిపిస్తోంది.

బళ్ళో మాకు ఉ.వే. సామినాథయ్యర్ గురించి చెప్పేవారు. తాటాకు ప్రతుల కోసం ఊరూరా తిరిగితే, కొందరు ఏటిలో వదిలేశామనీ, హోమంలో వేశామనీ చెప్పారంట. వాళ్ళయినా పుణ్యమనుకుని చేశారు. మనం కిలో పదకొండు రూపాయలకు చేస్తున్నాం. కోట్టయ్యూరులో రోజా ముత్తయ్య అని సైన్ బోర్డులు రాసే ఆయన పాత పుస్తకాలు, పెళ్ళి పత్రికలు, నోటీసులు పోగుచేసి పెట్టాడు. ఆయన పోయినాక 1994లో అదే చెన్నైలో పెద్ద లైబ్రరీ అయింది. తమిళవాళ్ళు వాళ్ళ పెళ్ళి పత్రికను కూడా దాచుకున్నారు. వాళ్ళను చూసి ఏడవడం కాదు, నేర్చుకోవాలి.

2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చినప్పటి నుంచి బళ్ళల్లో తెలుగు పోతోందని ప్రతి ఉగాదికీ మైకు పట్టుకుంటాం. నేనూ పట్టుకున్నాను. ఆ చట్టం ఎవరి పరణ్ మీదికీ ఎక్కలేదు. ఎక్కింది మనమే.

నేనేమైనా పెద్ద మొనగాణ్ణా? కాదు. 2011లో మా ఇంటి కప్పు రిపేరు చేసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. మేస్త్రీ పైకెక్కాలంటే పరణ్ ఖాళీ చేయాలన్నాడు, "పాత పేపర్లన్నీ ఇచ్చేయండి" అని నేనే ఫోన్లో చెప్పాను. వాటిలో మా తాత లెక్కల పుస్తకం ఉంది. మరునాడు పాత పేపర్ కొట్టుకు పరిగెత్తితే సగమే దొరికింది. బావి తవ్విన కూలీ, ఎద్దుల మందు, చిన్నత్త పెళ్ళి ఖర్చు, అన్నీ తాత చేతిరాతలో ఉన్నాయి. పిల్లలు పుట్టిన తేదీలు రాసిన మొదటి పేజీలు పోయాయి. మా నాన్నకు బళ్ళో అయ్యవారు వేసిన పుట్టినరోజు జూలై 1. అసలుది ఆ పేజీలో ఉండేది. ఇప్పుడు మాకు జూలై ఒకటే.

పారేయవద్దని కాదు. మా ఇంట్లో పద్నాలుగు హార్లిక్స్ సీసాలు, మూడు చచ్చిన మిక్సీలు ఉండేవి. మా ఆవిడ తీసేసింది, మంచిపని చేసింది. ప్లాస్టిక్ డబ్బాలు, మెత్తబడిన పరుపులు, తుప్పు పట్టిన ఫ్యాను, అన్నీ పోనీయండి. అక్షరం ఉన్నదాన్ని మాత్రం ఒకరి చేత చదివించి తర్వాత తీర్పు చెప్పండి. దస్తావేజా, జాబులా, జాతకమా, పనికిరాని రసీదా తెలిశాక పారేస్తే నాకేమీ బాధ లేదు.

ఇక మన సంఘం సంగతి. పోయినేడు ఆఫీసుకు మనమూ టైల్స్ వేశాం. పాత మినిట్ పుస్తకాలు ఎక్కడున్నాయని రెండు మీటింగుల్లో అడిగాను. జవాబు లేదు. బీరువాలో కప్పులు, సన్మాన శాలువాలు ఉన్నాయి. శాలువాలు ఎవరింటికి వాళ్ళు తీసుకుపోయి, ఆ బీరువాలో రెండు అరలు కాగితాలకు ఇవ్వండి. వచ్చే కమిటీ మీటింగులో మళ్ళీ అడుగుతాను, ఈసారి రాతపూర్వకంగా.

ఆదివారాలు నేను ఖాళీనే. ఇల్లు రిపేరు పెట్టుకున్నవాళ్ళు టెంపో పిలిచే ముందురోజు నాకు ఒక ఫోన్ కొట్టండి. అద్దాలు, దుమ్ముకు ముక్కుగుడ్డ నేనే తెచ్చుకుంటాను. కింద కూర్చోను, మోకాళ్ళు బాగాలేవు, ఒక స్టూలు వేయండి చాలు.